మా చెరువుకి వచ్చిన కొత్త పిట్టలు

శ్రీకాకుళం జిల్లాలో టెక్కలికి దగ్గర్లోని మా ఊరి చెరువులో ఏడాది పొడవునా ఉండే పిట్టల్ని ఎవరూ ప్రత్యేకంగా చూసేవాళ్లు కాదు. తెల్లకొంగలు, నీటికాకులు, బుడబుంగలు, లకుముకి పిట్టలు, మనిషి అలికిడికే గోల పెట్టే తీతువులు. అవి ఊరి మనుషుల లెక్కే. కానీ ఎప్పుడూ చూడని పిట్ట ఒకటి వాలిందంటే మాత్రం ఆ కబురు పొద్దెక్కేలోపు అన్ని వీధులూ తిరిగేది. పశువుల్ని తోలుకెళ్లినవాళ్లో, బట్టలుతకడానికి వెళ్లినవాళ్లో ముందు చూసేవారు. చూసినవాళ్లు నేరుగా మా ఇంటికొచ్చి తాతని అడిగేవారు, అదేటి, మంచిదేనా, ఏమన్నా చెడు శకునమా అని.

చెరువు మదుం, అంటే నీళ్లు వదిలే తూము, తీసి కట్టే పని మా తాతది. ఉభాల వేళ, అంటే వరి నాట్లప్పుడు, ఏ పొలానికి ఎంతసేపు నీరు వదలాలో ఆయనే చూసేవాడు. అందుకని ఏడాదిలో ఎక్కువ రోజులు తెల్లారేసరికి గట్టు మీదే ఉండేవాడు. పుస్తకం చదివి నేర్చుకున్నది కాదు ఆయన పిట్టల జ్ఞానం. ఏ పిట్ట ఏం తింటుంది, ఎప్పుడొస్తుంది, నీళ్లు ఎంత లోతున ఉంటే దిగుతుంది, అదీ ఆయన లెక్క. నీటికాకులు ఎటు గుమిగూడితే అటు చేపలున్నాయని, బురదకాళ్ల పిట్టలు నడిమధ్య దాకా నడిచేస్తున్నాయంటే చెరువు ఇంక ఎన్నాళ్లో ఆగదని చెప్పేవాడు.

శకునం గురించి అడిగినవాళ్లకి ఎప్పుడూ ఒకటే జవాబు.

"దాన్ని మనం పిలవనేదు, అదే వచ్చింది. తిండి దొరికితే ఉంటాది, నేకపోతే పోతాది. నువ్వు రాయి మాత్రం ఇసరకు."

నత్తగుల్ల కొంగని నాకు మొదట చూపించింది ఆయనే. దాని ముక్కు మూసినా మధ్యలో సందు ఉండిపోతుంది. చిన్నప్పుడు అది చూసి పాపం దీని ముక్కు వంకరపోయిందని అనుకునేవాళ్లం పిల్లలం. తాత గట్టు దిగి బురదలోంచి నత్తగుల్లలు ఏరి చేతిలో పెట్టాడు. లోపల ఏమీ లేదు, పైన గుల్ల మాత్రం చెక్కు చెదరలేదు. గుల్లని పగలగొట్టకుండా ముక్కు కొనతో లోపలి కండని కోసి లాగేస్తుంది ఆ కొంగ. ఆ సంగతి తర్వాత చదువుకున్నాను గానీ, ఆ ఖాళీ గుల్లలు అరచేతిలో పెట్టుకున్న రోజే నాకు సగం అర్థమైంది. తాత చెల్లెల్ని ఇచ్ఛాపురం వైపు ఇచ్చారు. ఆవిడ వచ్చినప్పుడల్లా తేలుకుంచి కబుర్లు చెప్పేది. తొలకరికి ఈ కొంగలు మందలుగా ఆ ఊరొచ్చి ఇళ్ల మధ్య చెట్ల మీదే గూళ్లు కడతాయని, అవి రాకపోతే ఊళ్లోవాళ్లకి ఆ ఏడాది వానల మీద బెంగ పట్టుకుంటుందని. మా చెరువులో మేసి పోయే కొంగలు వేరే ఊళ్లో కాపురం పెడతాయంటే నాకెంత ఆశ్చర్యమో.

గూడబాతులది, అంటే పెలికాన్లది, ఇంకా పెద్ద కథ. మా అమ్మ పుట్టినూరు తేలినీలాపురానికి పక్కనే. దసరా సెలవులకి వెళ్తే అప్పుడే వస్తూ ఉండేవి, సంక్రాంతికి వెళ్తే చింతచెట్లు వాటి బరువుకి వంగిపోయి ఉండేవి. ఒక్కో గూడబాతు ఐదు కిలోల దాకా తూగుతుంది, రెక్కలు చాపితే ఎనిమిది అడుగులు. అంత పిట్ట కొమ్మ చివర పుల్లల గూటి మీద ఎలా నిలబడుతుందా అని మెడలు నొప్పెట్టేదాకా చూసేవాళ్లం. పిల్లలు తల్లి నోట్లోకి తల మొత్తం దూర్చేసి తినేవి. కింద నుంచి చూస్తే తల్లే పిల్లని మింగేస్తోందేమో అన్నంత భయం వేసేది. వాటితోపాటే పక్క కొమ్మల మీద ఎర్రకాళ్ల కొంగలు. వాటికి గొంతు దాదాపు లేదు, ముక్కులు టకటకలాడించుకుంటూ మాట్లాడుకుంటాయి. ఆ టకటక, గూడబాతు పిల్లల అరుపులు, చెట్ల కింద చేపల కంపు, ఆకులన్నీ సున్నం కొట్టినట్టు రెట్టలు. ఆ చెట్ల కిందే ఇళ్లు, పశువుల పాకలు. మంచాలు బయట వేసుకోలేరు, బట్టలు ఆరేసుకోలేరు. అయినా ఒక్క చెట్టు కొట్టలేదు ఆ ఊరివాళ్లు. గూటి నుంచి పడ్డ పిల్లని చూస్తే చిన్న చేపలు తెచ్చి పెట్టే ఆడవాళ్లని నేను చూశాను. నాకు ఈ రోజుకీ ఆ ఊరంటే గౌరవం.

అవి సైబీరియా నుంచి వస్తాయని అందరూ చెప్పేవారు. మాస్టార్లూ అదే చెప్పారు, పేపర్లలోనూ అదే వచ్చేది. ఇప్పటికీ వస్తోంది. ఈ గూడబాతు జాతి సైబీరియాలో లేనే లేదు. ఇండియా, శ్రీలంక, కంబోడియా, ఈ చుట్టుపక్కలే దాని లోకం. ఎర్రకాళ్ల కొంగా అంతే. అసలు ఆలోచిస్తే తెలిసిపోతుంది: ఉత్తరాన చలికి తాళలేక వచ్చే పిట్ట ఇక్కడ గూడు కట్టదు. తిని, ఒళ్లు చేసి, ఎండలు ముదిరేలోపు వెళ్లిపోయి తన చోట గుడ్లు పెడుతుంది. తేలినీలాపురంలో గుడ్లు పెట్టి, పిల్లల్ని లేపి, రెక్కలొచ్చాక తీసుకెళ్లే పిట్టది ఇదే ఊరు. పురిటికి పుట్టింటికి వచ్చే ఆడపిల్లలు అవి అనేది మా అమ్మమ్మ. ఆవిడకి సైబీరియా ఎక్కడుందో తెలీదు, కానీ ఆవిడ మాటే సరైనది. విదేశీ అతిథులు అంటే ఏదో గొప్పగా ఉంటుంది నిజమే. నాకు మాత్రం అవి మనవే అని తెలిశాక ఇంకా ముద్దొచ్చాయి.

మరి నిజంగా దూరం నుంచి వచ్చినవి లేవా అంటే ఉన్నాయి. వాటిలో ఒక మందని నేను జీవితంలో మర్చిపోలేను.

నేను హైస్కూల్లో ఉన్నాను. కోతలు అయిపోయి, కళ్లాల్లో నూర్పులు జరుగుతున్నాయి. పొద్దున్నే మంచు ఎంత దట్టంగా ఉండేదంటే గట్టు మీద నిలబడితే చెరువు కనిపించేది కాదు. అలాంటి తెల్లవారుజామున తాత ఇంటికొచ్చి నన్ను లేపాడు. ఆయన అలా లేపడం అదే మొదలు. దుప్పటి కప్పుకుని ఆయన వెనకాలే వెళ్లాను. ముందు గొంతులు వినిపించాయి. ముక్కుతో పలికినట్టుండే అరుపులు, ఒకటి ఆపితే ఇంకొకటి. చిలువ బాతుల ఈల కాదు, ఊరి బాతుల గోల కాదు.

"ఏటి తాతా అవి?"

"నాకూ తెల్దురా. ఇన్నేళ్లలో సూడనేదు. కూకో, కదలకు."

ఎండ తగిలి మంచు విడిపోతుంటే ఒక్కొక్కటే కనిపించాయి. బూడిద రంగు పెద్ద బాతులు, పసుపు ముక్కు, తెల్లటి తల. ఆ తల వెనక రెండు నల్ల పట్టెలు, ఎవరో కాటుకతో గీసినట్టు స్పష్టంగా. నీళ్ల పక్కన కొన్ని, కోసిన వరి మడిలో కొన్ని, దుబ్బుల మధ్య రాలిన గింజలు ఏరుకుంటున్నాయి. మధ్యలో ఒకటి మేత మానేసి మెడ నిటారుగా పెట్టి నిలబడేది, కాసేపటికి ఇంకొకటి ఆ పని అందుకునేది. తాతకి అది బాగా నచ్చింది. "సూసినావా, కాపలాకి వంతులేసుకున్నాయి" అని నన్ను పొడిచాడు.

మధ్యాహ్నానికి ఊరంతా గట్టు మీదే. మినుము చల్లిన రైతు ఒకాయన మొలకలు తినేస్తాయని కంగారుపడ్డాడు. ఆ కంగారు న్యాయమైనదే, అవి నిజంగానే లేత మొలకలు తింటాయి. తాత ఆయన మడి వైపు ఇద్దరు కుర్రాళ్లని కూర్చోబెట్టాడు, అటు వస్తే చేతులు ఊపమని. సాయంత్రం వేరే ఊరి మనిషి ఒకడు నాటు తుపాకీ పట్టుకుని వచ్చాడు. అంత మాంసం చెరువు ఒడ్డున తిరుగుతుంటే ఎవరో ఒకరు వస్తారని తాతకి ముందే తెలుసు. కేక వెయ్యలేదు, కలబడలేదు. వాడి పొలం మా చెరువు కిందే ఉంది.

"కాల్చుకోరా బాబూ. మరి ఉభాలకి నీళ్లు ఎవుడొదుల్తాడో కూడా ఇప్పుడే సూస్కో."

అంతే. తుపాకీ భుజాన వేసుకుని వెళ్లిపోయాడు వాడు.

ఆ బాతులు మాఘమాసం దాకా ఉన్నాయి. పగలు ఎటో వెళ్లి మేసి, చీకటి పడే వేళకి గొలుసుకట్టుగా చెరువు మీదకి వచ్చేవి. వాటి సంగతి నాకు కాలేజీలో చేరాక విశాఖలో ఒక లైబ్రరీలో తెలిసింది. బార్ హెడెడ్ గూస్, అంటే పట్టెల తల బాతు. మంగోలియా, టిబెట్ సరస్సుల దగ్గర పిల్లల్ని కని, చలికాలానికి హిమాలయాలు దాటి మన దేశానికి వస్తాయి. వాటికి చిన్న యంత్రాలు కట్టి వెంబడించిన శాస్త్రవేత్తలు 7,290 మీటర్ల ఎత్తున ఎగురుతుండగా లెక్కకట్టారు. అక్కడ గాలిలో ప్రాణవాయువు మనకి దొరికే దాంట్లో సగం కూడా ఉండదు. ఇచ్ఛాపురం దాటి ఒడిశాలోకి వెళ్తే చిలికా సరస్సు ఉంది, అక్కడికి ఏటా వస్తాయి. ఆ ఏడాది ఆ మంద అక్కడితో ఆగకుండా ఇంకాస్త దక్షిణానికి ఎందుకొచ్చిందో గానీ, మళ్లీ మా చెరువులో దిగలేదు. నేను ఆ పేజీ చదివిన వారం ఊరెళ్లి తాతకి చెప్పాను, నీ బాతులు హిమాలయాలు దాటొచ్చాయట అని. ఆయన చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత "అంత దూరమొచ్చిన దాన్ని కాల్చేద్దామనుకున్నాడా ఆడు" అన్నాడు. తుపాకీ మనిషి మీద కోపం ఆ రోజొచ్చింది ఆయనకి.

మా చెరువుకి రాని పిట్టల్ని చూడాలంటే నౌపడ వెళ్లాలి. టెక్కలి నుంచి చిన్న రైలు ఉండేది అప్పుడు. పర్లాకిమిడి రాజావారు 1900లో వేయించిన లైను. సన్నటి పట్టాలు, బొగ్గు ఇంజను, కళ్లలో నలుసులు పడతాయని పెద్దవాళ్ల తిట్లు. తర్వాత దాన్ని పెద్ద లైనుగా మార్చారు. నౌపడలో మా మావయ్య ఉప్పు మడుల్లో పనిచేసేవాడు. ఆ మడులు, వాటి వెనక తంపర. తంపర అంటే మా వైపు లోతట్టు చిత్తడి నేల, వానాకాలం మంచినీరు, తర్వాత సముద్రం పోటు నీరు కలిసే చోటు. తేలినీలాపురం గూడబాతులకి అదే వంటిల్లు. పొద్దున గాలి వేడెక్కాక చింతచెట్ల మీంచి లేచి, గుండ్రంగా తిరుగుతూ పైకెళ్లి, రెక్క కదపకుండా అటు జారిపోయేవి.

మావయ్యతో ఉప్పు మడుల గట్ల మీద నడుస్తుంటే ఒకసారి దూరంగా నీళ్ల మీద గులాబీ రంగు చార కనిపించింది. ఉప్పు ఆరేటప్పుడు నీళ్లు ఒక్కోసారి ఎర్రబడతాయి కాబట్టి అదే అనుకున్నాను. చార లేచి ఎగిరింది. రాజహంసలు, ఫ్లెమింగోలంటారే, అవి. రెక్కల కింద ఎరుపు, నలుపు ఒక్కసారిగా విచ్చుకోవడం చూసి మావయ్య చేతిలోని పార కింద పెట్టేశాడు. అవి తల తిరగేసి ముక్కు నీళ్లలో పెట్టి జల్లెడ పట్టుకుని తింటాయి. తినే నాచు, రొయ్యల వల్లే ఆ రంగు, పుట్టినప్పుడు పిల్లలు బూడిద రంగులోనే ఉంటాయి. ఉప్పెక్కిన నీళ్లలో మనకి ఏమీ బతకదనిపిస్తుంది. వాటికి అక్కడే విందు.

ఆ తంపర మీద తర్వాత ఎన్ని గొడవలు జరిగాయో జిల్లావాళ్లందరికీ తెలుసు. బీలలనే చిత్తడి నేలల్లో, తంపరల్లో థర్మల్ విద్యుత్ కేంద్రాలు వద్దని జనం నిరసనకి కూర్చున్నారు. 2010 జులై 14న సోంపేటలో, 2011 ఫిబ్రవరి 28న వడ్డితాండ్రలో కాల్పులు జరిగి మనుషులు చనిపోయారు. ఆ రోజుల్లో ఊరు ఫోన్ చేస్తే అటువైపు బంధువుల క్షేమం తప్ప వేరే మాట ఉండేది కాదు. బీడు భూమి అని కాగితాల్లో రాసిన చోట చేపలు పట్టుకుని, తుంగ కోసుకుని బతికినవాళ్లకి అది బీడు ఎలా అవుతుంది? ఆ పిట్టలకి మాత్రం ఎలా అవుతుంది?

ఇంకొక పిట్ట గురించి రాయకుండా ఉండలేను. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు నేలమట్టం. తాత అప్పటికి లేడు. రోడ్లు తెరుచుకోగానే ఊరెళ్లాను. కరెంటు లేదు, ఎటు చూసినా కొట్టేసినట్టు పడున్న చెట్లు, తేలినీలాపురంలో ఎన్ని చింతలు మిగిలాయో అని అమ్మ ఒకటే గుబులు. ఆ గందరగోళంలో చిన్నాన్న కొడుకు ఒక గంప తెచ్చి నా ముందు పెట్టాడు. చెరువు గట్టు మీద దొరికిందట. వీపంతా నలుపు, పొట్ట తెలుపు, నుదుట తెల్ల మచ్చ, కత్తెరలా చీలిన తోక. కాకికన్నా చిన్నది. ఎగరలేక కూర్చుంది గానీ ముట్టుకోబోతే ముక్కుతో పొడిచింది.

ఫొటో తీసి, సిగ్నల్ దొరికే చోటికి వెళ్లి, విశాఖలో పిట్టల్ని చూసే ఒక మిత్రుడికి పంపాను. సూటీ టెర్న్ అన్నాడు. నడిసముద్రపు పిట్ట. పుట్టిన దీవి వదిలాక మళ్లీ గుడ్లు పెట్టే వయసు వచ్చేదాకా ఏళ్ల తరబడి గాలిలోనే ఉంటుంది, నేల మీద దిగదు, దాని ఈకలకి నీటిని ఆపే జిడ్డు చాలదు కాబట్టి నీళ్ల మీదా కూర్చోలేదు. తుపాను సుడిలో చిక్కుకుంటే ఇలా లోపలికి వచ్చి పడుతుంది. మా చెరువు గట్టు మీద అలాంటి పిట్ట! తమ్ముడు దానికి చేప ముక్కలు నోరు తెరిచి పెట్టాడు. మర్నాడు బండి మీద భావనపాడు తీరానికి తీసుకెళ్లాం. దారిలో చెట్లు నరుకుతున్నవాళ్లు గంపలో ఏముందని అడిగి, చూసి, మాకోసం ఒక పక్కన దారి చేసిచ్చారు. ఇళ్లు పోయిన మనుషులు వాళ్లు. ఇసుకలో పెట్టాక చాలాసేపు కదల్లేదు. గాలి వీచినప్పుడు రెక్కలు విప్పింది, అలల మీద తక్కువ ఎత్తులో దక్షిణంగా పోయింది. తాత ఉంటే దాని తిండి గురించి ముందు అడిగి ఉండేవాడు.

ఆశ్చర్యం ఏమిటంటే, ఇప్పుడు మా చెరువులో అందరికన్నా అరుదైన పిట్ట మా చిన్నప్పుడు ఎవరూ ఇష్టంగా చూడనిది. రాబందు. ఊళ్లో గొడ్డు చస్తే చెరువు అవతల బయలుకి ఈడ్చేవారు. గంటలోపు ఆకాశంలో చుక్కలు కనిపించేవి, సాయంత్రానికి ఎముకలే మిగిలేవి. తాడిచెట్ల మీద రెక్కలు ఆరబెట్టుకుంటూ కూర్చునేవి. పశువులకి నొప్పి తగ్గడానికి ఇచ్చే డైక్లోఫెనాక్ మందు, ఆ మందు ఒంట్లో ఉండగా చచ్చిన గొడ్డుని తిన్న రాబందుల మూత్రపిండాలు పాడుచేసింది. దేశమంతా వాటి సంఖ్య కొన్నేళ్లలో కూలిపోయింది. 2006లో పశువులకి ఆ మందు వాడకాన్ని నిషేధించారు. మా తాడిచెట్ల మీదకి మాత్రం అవి తిరిగి రాలేదు. చివరి రాబందుని ఎప్పుడు చూశానో నాకు గుర్తులేదు. అది చివరిదని తెలిసుంటే ఆగి చూసేవాణ్ని.

2021 చివర, 2022 మొదట్లో తేలినీలాపురంలో గూడబాతులు చెట్ల మీంచి చచ్చి రాలినప్పుడు ఆ భయమే పట్టుకుంది నాకు. కడుపులో నులిపురుగులు చేరడమే కారణమని పరీక్షల్లో తేలింది. తినే చేపల్లోంచే అవి పిట్టల ఒంట్లోకి వెళ్తాయి. పిట్ట గూడు ఒక ఊళ్లో, మేత ఇంకో ఊళ్లో. ఒక ఊరు తన చింతచెట్లని ఎంత ప్రాణంగా చూసుకున్నా, తంపరలో నీళ్లు, చేపల చెరువుల్లో చేపలు బాగుంటేనే వాటి ప్రాణాలు నిలిచేది. ఇప్పుడు అటువైపు మూలపేట పోర్టు పనులూ నడుస్తున్నాయి. పోర్టు వస్తే మా పిల్లలకి పనులు దొరుకుతాయని మావయ్య మనవడు ఆశగా చెప్తాడు, ఆ ఆశ నాకు అర్థమవుతుంది. తంపరలో నీరు నిలిచే దారులు మూసుకుపోకూడదని మాత్రం గట్టిగా కోరుకుంటున్నాను.

ఈ సంక్రాంతికి వెళ్లినప్పుడు చెరువు సగం గుర్రపుడెక్కతో నిండి ఉంది. అయినా నీటినెమళ్లు ఉన్నాయి, తామరాకుల మీద పొడుగాటి వేళ్లతో మునగకుండా నడుస్తూ. చలికాలం కాబట్టి ఆ పొడుగు తోకలు లేవు, అవి వానాకాలంలోనే వస్తాయి. ఆ జాతిలో గుడ్లు పొదిగేదీ పిల్లల్ని కాచేదీ మగపిట్టే అని చెప్తే తమ్ముడి భార్య నవ్వి మా తమ్ముడి వైపు చూసింది. వాళ్ల పాప ఫోన్లో పిట్టల యాప్ పెట్టుకుంది. అరుపు వినిపిస్తే చాలు, పేరు చెప్పేస్తోంది. పట్టెల తల బాతుల ఫొటో చూపించి, మీ ముత్తాత వీటి కోసం ఒక మనిషికి నీళ్లు ఆపేస్తానన్నాడు అంటే, ఏ మడిలో దిగాయో చూపించమంది. చూపించాను. ఇప్పుడు అందులో వరి లేదు, యూకలిప్టస్ వేశారు. మదుం చుట్టూ గుర్రపుడెక్కని ఉభాలకి ముందే కుర్రాళ్లతో తీయిస్తానని తమ్ముడు మాటిచ్చాడు, సగం ఖర్చు నేను పెడుతున్నాను.